పడమటి గోడ

లక్ష్మీపురంలో స్థలం. పడమటి ముఖం.
ముందంతా అద్దాలే కావాలన్నారు భుజంగరావు గారు,
ఫోన్లో దుబాయ్ మేడ చూపిస్తూ.
నేను ఎండ లెక్కలు చూపించాను.
కాగితం మీది ఎండ ఎవరికి కాలుతుంది?

మే నెల, సాయంత్రం నాలుగు.
మేస్త్రీ మస్తాన్‌వలి ఆయన చెయ్యి పట్టుకెళ్ళి
పక్కింటి గోడకి ఆనించాడు.
"ఇది చల్లారేసరికి తెల్లారుద్ది సార్.
రాత్రంతా మీ ఏసీ దీనికే కూలి చేసుద్ది."

అద్దాలు పోయాయి.
ఇటుకకీ ఇటుకకీ మధ్య
పిడికిలంత ఖాళీ వదిలి పేర్చాం.
"సగం గోడకి పూర్తి కూలా?" అని గొణిగారాయన.
లోపల నేల మీద
చిల్లుల దుప్పటిలా నీడ.

మళ్ళీ వైశాఖంలో గృహప్రవేశం.
గాలి రానే వచ్చింది,
మిర్చి యార్డు మీదుగా.
పంతులుగారు మంత్రం మధ్యలో తుమ్మారు.
వీడియో కుర్రాడు, పాలు పొంగిస్తున్న ఇంటావిడ,
ఆఖరికి నేనూ.
డ్రాయింగులో నేను బాణం గుర్తుతో గీసిన గాలికి
ఘాటు లేదు మరి.

భోజనాలయ్యాక, నాలుగింటికి,
కళ్ళు తుడుచుకుంటూ భుజంగరావు గారు
ఎవరూ చూడట్లేదనుకుని
గోడకి అరచెయ్యి ఆనించారు.

చాలాసేపు తియ్యలేదు.