చప్పుడు లేని నిప్పు

ముషీరాబాద్‌లో మా కోతమిషన్ కింద
రోజుకి పాతిక బస్తాల పొట్టు పడుతుంది.
టేకు, వేప, మామిడి, ఎవరివో పాత గుమ్మాలు
రంపం కిందికొచ్చాక కులం చెప్పుకోవు.
ఆ పొట్టునే జీడిమెట్లకి పంపితే
మిషన్లో వేసి నొక్కి, వేడికి చెమటలు పట్టించి
చిటికెన వేలి గోరంత గుళికలు చేసి
రెండు బస్తాలు తిప్పి పంపారు, వాడి చూడమని.

"మేక పెంటికలా పెదనాన్నా?" అంది సుమేధ.
బుర్హాన్ నవ్వాడు. నలభై ఏళ్లు దుంగలు తోసి
మూడు వేళ్లతో మిగిలిన కుడిచెయ్యి
బస్తాలోకి ముంచి, వడ్ల నాణ్యం చూసినట్టు చూసి
"సేఠ్, గిది మండుతదా?" అన్నాడు.

మండుతుందనే చెప్పాను, తెలియకుండానే.

శనివారం రాత్రి ఖాజాగూడ గుట్టల మీద
సుమేధ ఆఫీసు పిల్లలు పదకొండు మంది,
మూడు గుడారాలు, ఒక గిటారు. వాయించేవాడు రాలేదు.
కొమ్మలు విరవొద్దని వాచ్‌మన్ జంగయ్య
ఈల వేసి రెండుసార్లు చెప్పిపోయాడు.
విరవడానికైనా ఏముంది అక్కడ,
రాళ్లు, రాళ్ల మధ్య సీతాఫలం పొదలు,
కింద నానక్‌రామ్‌గూడ అద్దాల మేడల్లో
రాత్రంతా ఆరని, ఎవరికీ వెచ్చగా తగలని వెలుగు.

కుప్పగా పోసి అగ్గిపుల్ల గీశారు.
ఆరింది. ఇంకోటి. తర్వాత టిష్యూ పేపరు.
పిజ్జా అట్టతో విసిరారు.
గుళికలు పైపైన నల్లబడి
అలిగిన చుట్టంలా ముఖం తిప్పుకున్నాయి.
ఎవడో బైకులోంచి పెట్రోలు తీస్తానన్నాడు.
అప్పుడు లేచాను నేను, మోకాళ్లు కలుక్కుమంటుంటే.

మా అమ్మ పొట్టు పొయ్యి పేర్చేది.
రేకు డబ్బా, నడుమ సీసా నిలబెట్టి
చుట్టూ పొట్టు పోసి పిడికిలితో దట్టించి
సీసాని మెల్లగా తిప్పుతూ పైకి లాగేది,
నిద్రపోతున్న పిల్ల చేతిలోంచి బొమ్మ తీసినట్టు.
ఆ తొర్ర అలాగే నిలబడేది.
ఆ తొర్ర మీదే మా అయిదుగురి అన్నం ఉడికేది.

పెయింటు డబ్బా అడుగున మేకుతో చిల్లులు కొట్టి
వాళ్ల బీరుసీసానే నడుమ పెట్టి
అమ్మలాగే తిప్పి లాగాను.
గుళికలు గోలీల్లా జారి తొర్ర పూడ్చేశాయి.
మళ్లీ చేశాను. మళ్లీ పూడింది.
పొట్టుకి ఒకదాన్నొకటి పట్టుకునే గుణం ఉండేది;
నున్నగా నొక్కేసరికి అది పోయినట్టుంది.
పిల్లలు మర్యాదగా చూపులు పక్కకి తిప్పుకున్నారు.

సుమేధ పనీరు కాల్చే జాలీ తెచ్చింది.
ఏమీ అనకుండా గొట్టంలా చుట్టి
సీసా ఉండాల్సిన చోట దింపింది.
కర్పూరం బిళ్ల ఒకటి వేశాను లోపలికి.

ముందు ఒక గుటక, గాలి మింగినట్టు.
తర్వాత డబ్బా గొంతులోంచి
నిటారుగా, మూరెడెత్తు పసుపు.

పొగ లేదు. నిప్పురవ్వ లేదు.
చిటపటలు లేవు. అయిదు నిమిషాలకే
"సౌండ్ లేదేంటి అంకుల్" అని ఒకడు
ఫోన్‌లో చితుకులు కాలే చప్పుడు పెట్టాడు.
అసలు మంట పక్కన అబద్ధపు మంట మాట్లాడుతుంటే
అందరూ చేతులు చాపి కూర్చున్నారు.
నేనూ.

రెండు దాటాక ఫోను చచ్చిపోయింది.
ఎవరూ గమనించలేదు, గుడారాల్లో గురకలు.
అప్పుడు వినపడింది,
కింది గుళిక కాలి కూలితే పై గుళిక దిగే చప్పుడు,
చేటలో బియ్యం సర్దుకున్నట్టు.
ఏ ఇంటి దూలమో, ఏ బడి బల్లో,
ఒక్కొక్కటి.
ఇంకో గుప్పెడు పోశాను.

పొద్దున బూడిద దోసెడు కూడా రాలేదు.
బుర్హాన్‌కి చూపిద్దామని పొట్లం కట్టాను.
మిగిలిన మూడు వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి
"వేప ఎక్కువైంది సేఠ్" అన్నాడు.