రీడింగ్

మెరిడాలో వీధులకు పేర్లుండవు, అంకెలే.
అడ్డంగా పోయేవి బేసి, నిలువుగా పోయేవి సరి.
నికనోర్ చబ్లే వాటి మధ్య
ఇరవై రెండేళ్లుగా ఇంకొన్ని అంకెలు ఏరుకుంటూ తిరుగుతున్నాడు,
కరెంటు మీటర్ల గాజుకళ్ల వెనక
నింపాదిగా దొర్లే అంకెలు.

మే అంటే నలభై రెండు డిగ్రీలు.
కుక్కలు కూడా నీడ పడే గోడకే కాపలా కాస్తాయి.
ఏసీలు వేడి ఊపిరి వీధి మీదికి ఊస్తాయి.
లోపలివాళ్ల చల్లదనానికి
బయట నడిచేవాడు కడతాడు వడ్డీ.

మార్చిలో మకులీస్ పూసింది,
ఒంటి మీద ఆకైనా లేకుండా,
మిగిలిన తడినంతా గులాబిరంగుకే ఖర్చుపెట్టి.
దాచుకోవడం చేతకాని చెట్టు.
తర్వాత రేల. ఇక్కడ దాని పేరు బంగారు వాన.
అసలు వానకింకా మూడు వారాలు.
ఇప్పుడు తురాయి వంతు.

యాభై తొమ్మిదో వీధి, ఆరువందల పద్నాలుగు.
ఈ ఇంటి మీటరు కదలదు.
మొదటిసారి, దొంగ కనెక్షనేమోనని
తీగ వెంట చూపు పంపాడు.
తీగ చివర ఒక బల్బు, ఒక రేడియో.
పెరట్లో వలఊయల,
ఊయలలో దోన్యా ఫిదేలియా తున్,
ఆమె పైన, పెరడంతా మంటపెట్టి
పెరడంతా చల్లబరిచే చెట్టు.

మునిసిపాలిటీ పుస్తకంలో అది "అలంకార వృక్షం, ఒకటి".
"అలంకారమట!
నా చెవికమ్మలు ఎప్పుడైనా నాకు నీడిచ్చాయా?"
అంటూ ఆమె గ్లాసు అందిస్తుంది,
ఎండిన ఎర్రగోంగూర మొగ్గల షర్బత్తు.
అతని రిజిస్టరు మీద ఒక పువ్వు రాలుతుంది.
నాలుగు రేకులు ఒకే ఎరుపు.
ఐదోదాని మీద తెల్లటి చారలు,
ఎవరో సున్నం వేలితో తాకి చూసినట్టు.

"వచ్చే నెల కొత్త మీటర్లు, దోన్యా.
వాటి అంకె అవే పంపుకుంటాయట.
మనిషి నడవక్కర్లేదు."

ఆమె చాలాసేపు ఊయల ఊగలేదు.
తర్వాత గడ్డం పైకెత్తి చూపింది:
"మరి దీని రీడింగో?"

నికనోర్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు.
తల వెనక్కి వాల్చి
మొదటి కొమ్మ లెక్కపెట్టాడు,
రెండో కొమ్మ దగ్గర తప్పిపోయాడు,
మళ్లీ మొదలుపెట్టాడు,
మెడ నొప్పి పుట్టేదాకా.
చివరికి 'ఇతర వివరాలు' గడిలో రాశాడు:
"నిండుగా ఉంది. కోత విధించరాదు."

జూన్‌లో తొలివాన పడిన మర్నాడు
గోడ మీద కొత్త మీటరు
ఆకుపచ్చ చుక్కతో తన పని తాను చూసుకుంటోంది.
గేటు చప్పుడైంది.
యూనిఫాం లేదు, రిజిస్టరు లేదు,
ఖాళీ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి.

"ఆలస్యం చేశావు," అంది ఫిదేలియా
రెండో గ్లాసు కడుగుతూ,
"సగం రీడింగు నేల మీద పడింది.
ముందు అది రాసుకో."