పదమూడో చెక్క

బర్కాల, సముద్రానికి రెండు గల్లీలు ఇవతల,
షమ్సా మామ ఇంటెనుక తోటల
పారలు, పైపులు పెట్టుకునేందుకు ఒక చిన్న అర్ర కావాలన్నరు.
(ఇక్కడ మామ అంటే అమ్మ.
అలవాటు కావడానికి నాకు ఏడాది పట్టింది.)
ఎనిమిదడుగులు, ఆరడుగులు. అంతే.
"సక్కగుండాలె నర్సయ్యా,
వంటింటి కిటికీలకెల్లి నాకు కనపడేది అదొక్కటే."

సక్కగ అంటే ఏందో
నా సంచిల ఏ పనిముట్టూ చెప్పదు.
రసమట్టం వాలు చెప్తది, మూలమట్టం మూల చెప్తది.
సక్కదనం
పని అయినంక పది అడుగులు ఎనక్కి పోయి
తల వంచి చూసుకునుడే.

ఉప్పుగాలికి ఇనుప మేకు ఇక్కడ ఏడాది బతకదు.
సీబ్‌ల దుకాణంకెల్లి స్టీలు స్క్రూలు
మందుగోళీల లెక్క లెక్కపెట్టి తెచ్చిన.
చూరు కింద రెండేళ్ల సందు ఇడిసిన,
లేకుంటే జూన్‌ల ఎరువు బస్తాలు లోపల్నే ఉడుకుతయి.
రేకు మీద ఈతమట్టలు కప్పుమన్నది మామ.
చిన్నప్పుడు వాళ్ల ఇల్లంత మట్టలేనట,
గాలి ఆ గోడలకెల్లి ఈ గోడలకు పోయేదట,
పక్కింటి ముచ్చట్లు గూడ.

అడగకుండనే గడప పెట్టిన.
మా వంశంల గడప లేకుంట తలుపు నిలబెట్టినోడు లేడు.
తోటమాలి రఫీకుల్ మట్టిబండి తోసుకుంట వచ్చిండు,
చక్రం గడపకు తాకి ఆగింది.
ఆయన ఏమన్లే. బండి దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు.
తెల్లారి గడప పీకి చిత్రిక పట్టి
ఆయనకు పీట చేసిచ్చిన.

గోడ చెక్కలు నేలమీద వరుసగ పేర్చి
చెవి మీది పెన్సిల్ తీసి అంకెలేసిన,
౧ ౨ ౩, తాత నేర్పినయి, బడిల చెప్పనియి.
నేను తప్ప ఎవరూ చదవరు, ఎవరూ తారుమారు చెయ్యరు.
పన్నెండు దాక బాగనే నడిచింది.
పదమూడో చెక్క మీద గీత గీసి రంపం అందుకునేలోపు
ముక్కు మీదికెల్లి చెమటబొట్టు జారి
గీత రెండు గీతలైంది.
నేను కోసింది రెండోది.

జానెడు తక్కువ.
సోహార్ రేవుల పారేసిన పెట్టెచెక్క ఒకటి తెచ్చి
ఆ సందుల ఇరికించిన.
దాని మీద రేవు ముద్ర ఉంది. అంకె వెయ్యలే, సిగ్గయింది.
మోమినుల్ రెండు పూతలు నీలం కొట్టిండు,
తప్పు దాగింది.

రెండెండలకు నీలం పొట్టు రేగింది.
గీకే బిళ్ల పట్టుకొని పోతే
మామ మనవరాలు ఘాయా గోడకాడ కూసోని ఉంది.
రంగు రాలిన చోటల్లా నా పెన్సిల్ బయటపడ్డది.
"ఇవి నత్తలా?" అన్నది ౨ మీద ఏలు పెట్టి.
నత్తలు కాదు బిడ్డా, లెక్క.
ఒకటి, రెండు, చెప్పిన. నా ఎనక ఎనక చెప్పింది.
నేను బిళ్ల ఎత్తంగనే
వంటింటి కిటికీ తెరుచుకుంది:
"అవి చెరపకు. సక్కగున్నయి."

ఇగ చూడు నా పని.
సన్న కుంచె పట్టుకొని
ఒక్కో అంకె చుట్టూత నీలం నింపుడు,
నడిమధ్యాహ్నం పని బందు, మళ్ల నింపుడు.
గోడ నిలబెట్టినప్పుడు గూడ ఇంత తిప్పలు పడలే.

మొన్న పోయినప్పుడు ఘాయా చెక్కలు తట్టుకుంట
మొత్తం ఒప్పజెప్పింది.
పదకొండు, పన్నెండు, పద్నాల్గు.
రేవు ముద్ర చెక్కను దుంకి దాటుతది.
సముద్రం ఒడ్డున ఒక పిల్లకు
తెలుగుల ఇరవై దాక వచ్చు, పదమూడు రాదు.
ఆ తప్పు నాది.