త్రీ టన్, మేడం

ఏసీ బంద్ చెయ్యమన్నరు.
చేసిన.
దిగబోతుంటె నిచ్చెన కిర్రుమన్నది.
షాజీ సార్ కిందికెళ్లి వేలు లేపిండు: కదలకు.
గట్లనే ఉండిపోయిన
కప్పు కింద, డక్ట్ పక్కపొంటి,
నోట్ల రెండు బోల్టులు వెట్టుకోని
నలభై నిమిషాలు.

అల్ కూజ్‌ల పాత మార్బుల్ గోదాం ఇది.
గోడలకు తెల్లరంగేసి ఇప్పుడు కళ అంటున్నరు.
ఫిల్టర్ విప్పితె ఇంకా రాతిపొడే రాలుతది.

ఆమె వచ్చి నిలవడ్డది.
నైరీ అంట. బీరూట్ మనిషి.
కాళ్లకు చెప్పుల్లేవు. మైకు లేదు. వెనక వాయించేటోళ్లు లేరు.
నోరు తెరిచింది.
శానాసేపు ఏం రాలేదు.
తర్వాత
బేరింగ్ పోయిన మోటర్ సప్పుడు వచ్చింది.
నేను మెషిన్ దిక్కు చూసిన.
బందే ఉన్నది.

మీదికెళ్లి చూస్తె మొకాలు కనపడయి, మెడలు కనపడ్తయి.
మొకాలు అబద్ధమాడ్తయి, మెడలకు అంత తెలివి లేదు.
ముందట వరుసల సూటాయన మెడ ఇస్త్రీ చేసినట్టు బిర్రుగ.
వెనక ఇద్దరు పోరగాళ్ల మెడలు వంగి వణుకుతున్నయి,
నవ్వు ఆపుకుంటున్నరు.
ఒక ముసలామె గొంతు మీద చెయ్యి వెట్టుకున్నది
అది తనదేనా అన్నట్టు.
నాలుగు ఫోన్లు వెలిగినయి. రెండు ఆరినయి.

ఆమె నాలుకతోని నీళ్లు వంపింది.
పండ్ల సందుల బట్ట చింపింది.
ఊపిరి లోపలికి గుంజుకుంట కూత వెట్టింది,
గట్ల గూడ వస్తదని నాకు తెల్వది.

ఒకాయన లేచిండు. కుర్చీ కీచుమన్నది.
ఆమె ఆ కీచును పట్టుకోని
సన్నగ, దారం లెక్క సాగదీసి
ఆయన వెంబడి తలుపు దాక పంపింది.
అందరు నవ్విండ్రు.
ఆయన తలుపు పట్టుకోని నిలవడ్డడు.
పోలేదు. మల్ల కూసోలేదు.

అప్పుడు కీచు విరిగింది.
విరిగిన తాన ఒట్టి ఊపిరి
మెట్లు దిగుతున్నది,
ఒక మెట్టు తప్పింది.

గిది నేను విన్న.
పోయినేడు రంజాన్ నెల, రాత్రి రెండింటికి,
జగిత్యాల నించి, మా అక్క రాజవ్వ ఫోన్ల.
ఇదే.
హలో హలో అన్న. సిగ్నల్ లేదే అక్కా, మల్ల చెయ్యి అని కట్ చేసిన.
తెల్లారి ఎవరో మాటలల్ల చెప్పిండ్రు.
మాటలు శానా చిన్నగున్నయి.

నోట్లకెళ్లి బోల్టు జారింది.
టంగ్.
మెడలన్ని మీదికి తిరిగినయి, మొకాలైనయి.
ఆమె గూడ చూసింది.
ఇగ నౌకరి పోయిందనుకున్న.
ఆమె టంగ్ అన్నది,
గొంతుల ఎక్కడనో, ఇనుమున్న తాన.

అయిపోయినంక చప్పట్లు వెంటనే రాలేదు.
అయిందా కాలేదా అని ఒకల మొకం ఒకలు చూసుకున్నరు.
షాజీ సార్ నా చెవుల 'వట్టు' అన్నడు,
పిచ్చి అని, వాళ్ల బాసల.
సూటాయన చేతులు తిప్పుకుంట ఎవరికో అర్థం చెప్తున్నడు.
తలుపు కాడి మనిషి ఇంకా తలుపు కాడనే.

ఆమె నిచ్చెన కిందికొచ్చి
మెషిన్ దిక్కు చెయ్యి చూపి ఏదో అడిగింది.
అది ఏ శృతిల మోగుతుండె అనంట. షాజీ సార్ తర్వాత చెప్పిండు.
నేనప్పుడు
త్రీ టన్, మేడం అన్న.
నవ్వలేదు. రాసుకున్నది.

రాత్రి సోనాపూర్ క్యాంపుల
బాత్రూం తలుపేసుకోని, నల్ల తిప్పి
ఊపిరి లోపలికి గుంజిన.
మొదలు దగ్గొచ్చింది.
ఆ వెనక ఇంకేదో వచ్చింది,
నాదే, పన్నెండేండ్లది.
లైన్లున్నోళ్లు తలుపు కొట్టిండ్రు. ఒకడు తిట్టిండు. ఒకడు
కోడి లెక్క కూసి చూపిండు.

గుల్ జమీన్, పెషావర్ పిలగాడు, ఏం అడగలే.
బయటికి రాంగనే నా చేతిల విక్స్ డబ్బీ వెట్టి
తను లోపలికి పోయిండు.
గొళ్లెం వెట్టిండు. నల్ల తిప్పిండు.
గొంతుకు రాసుకుంట నేను ఆడనే నిలవడ్డ.

శానాసేపు ఏం రాలేదు.