బాకీ చెల్లు

నెల్లూరు నించి వచ్చిన కాలేజీ పిల్ల
కౌంటరు మీద కాగితం పరిచింది.
మీ ఉద్యోగంలో మీకు తృప్తి ఉందా సార్,
ఒకటి నించి ఐదు దాకా
ఏదో ఒక అంకె చుట్టూ సున్నా చుట్టండి.

గోడ మీద అద్దంలో నా సర్టిఫికెట్టుంది చూడమ్మా,
దాని అద్దె, నా జీతం కలిపి పన్నెండు వేలు.
ఉదయగిరి బస్టాండు ఎదురు.
ఏడింటికి షట్టరెత్తడం,
కొండ నల్లబడి మా రేకుల మీదికి వంగినట్టయ్యాక దించడం.
మధ్యలో వరికుంటపాడు మోకాళ్లు, దుత్తలూరు నడుములు.
బోరు నీళ్లకి వంకర్లు పోయిన ఎముకలవి.
నిండు షీటు ఎవరూ కొనరు.
నాలుగు కత్తిరించబ్బయ్యా, పోనీ, రెండు చాలు.
ఎవరింట్లో వాన పడలేదో కత్తెరకి తెలుసు.

కాగితంలో జీతం గురించి అడిగారు,
కుర్చీ గురించి అడిగారు, సెలవుల గురించి అడిగారు.
కత్తెర గురించి లేదు.

ఏడో ప్రశ్న:
మీకు బాగా తృప్తి కలిగిన రోజు ఏది?

చెప్పగలను. తేదీతో సహా ఉంది, అప్పుల పుస్తకంలో.
మస్తాన్‌బీ, కొయ్య గరిటెలు చెక్కే మనిషి.
మొగుడికి ఫిట్సు. ఒక్కపూట బిళ్ళ తప్పితే
బాడిసె పక్కనే పడిపోయేవాడు ఖాదర్‌వలి.
బాకీ నాలుగువేల నూటనలభై.
ఇది వడ్డీ సార్, అని నవ్వుతా ఒక చెంచా ఇచ్చింది నాకు,
పిడి మీద చేప చెక్కి.
టీ దాంతోనే కలుపుకుంటా, ఇప్పటికీ.

ఆ పొద్దున చేతిలో మడత పడని ఐదొందల నోట్లు.
కొట్టెయ్యి సార్ నా పేరు, అన్నది.
ఎర్రసిరాతో ఈ చివర నించి ఆ చివరికి గీశాను.
ఆరునెల్ల బిళ్ళలు ఒకేసారి, ఒక్క షీటూ తెగకుండా,
కవర్ల మీద సూర్యుడి బొమ్మ, చందమామ బొమ్మ వేసి
చదువుకున్నవాడిలాగా కట్టిచ్చాను.
వెళ్తా వెళ్తా బస్సులో వాంతులకి నాలుగు అడిగింది.
యాడికంటే, కువైట్‌కి, వంటపని, అన్నది.
మంచిదే, అన్నాను నేను.
మంచిదే, అన్నాను.

ఐదో నెల ఖాదర్‌వలి ఫోను తెచ్చి నా చెవికి ఆనించాడు.
గుసగుస. ఉన్న ఊరి పేరు తెలీదంట.
ఒక ఇంటి నించి ఇంకో ఇంటికి
ఎంతకో మాట్లాడుకుని ఇచ్చేశారంట.
పాస్‌పోర్టు కంట చూసి చానాళ్లయిందంట.
బిళ్ళలు మింగతన్నావా, అని మొగుణ్ణి అడిగి
అక్కడ తెగిపోయింది.

ఆ నోట్లిచ్చిన పెంచలమ్మక్క నాకూ తెలుసు.
గ్యాసు బిళ్ళలకి వస్తుంది. చిల్లర పైసా తేడా రాదు.
రద్దీ వేళ మోచెయ్యానించి నిలబడేది.
నేను లోపలి అరల్లో వెతికేంతసేపూ
నా పుస్తకం ఆమె ముందు తెరిచే ఉండేది:
ఊరు, పేరు, రోగం, ఎంత, ఎన్నాళ్ల నించి.
నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి,
చిన్నపిల్లలైనా చదవగలరు.
అదే పేజీలో ఇంకో రెండు పేర్ల మీద ఎర్రగీతలున్నాయి.
అవీ నేను గీసినవే, సంతోషంగా.

స్టేషన్లో చెప్పాను.
బంధువువా, అన్నారు. మందులమ్మేవాణ్ణి, అన్నాను.
రాసే చెయ్యి అక్కడ ఆగింది.

కాలేజీ పిల్ల పెన్ను పట్టుకుని చూస్తా ఉంది.
ఇంతలో గండిపాలెం వైపు పిల్ల ఒకతి,
పద్దెనిమిది ఉంటాయో ఉండవో,
కొత్త బ్యాగు, జిప్పుకి ఇంకా ధర చీటీ వేలాడతా.
బస్సులో వాంతులకి రెండు, అన్నది.
ఏ బస్సు? ఎవరితో? టికెట్టు ఎవరు తీశారు?
గల్లాపెట్టె దగ్గర ఓనరు మాల్యాద్రి తలెత్తాడు,
రెండు బిళ్ళలకి ఇంత పురాణమా.
మీకెందుకు సార్, అంది ఆ పిల్లా.

షీటు ఎడంచేతిలో ఉంది. కత్తెర తెరిచే ఉంది.
ఎదురుగా బస్సు స్టార్టయి హారను కొడతా ఉంది.
చెప్పమ్మా, అంటున్నాను,
ముందు నీ పేరు చెప్పు,
యాడా రాయనులే.