ముందు ఏది

ఫారం మీద మూడు గళ్లు.
"ఆల్జీబ్రా వేడి చల్లారకముందే
రెండోదీ కానిచ్చెయ్, జామెట్రీ ఎక్కడికీ పోదు,"
అంటాడు ట్రుహీయో సారు,
పెన్సిల్ మొన అక్కడే ఆనించి.

డెల్ఫీనా కిటికీ వంక చూస్తోంది.
టావోస్ కొండ మీద ఇంకా కరగని ఫిబ్రవరి.

మంచు బరువుకి కూలిన గొర్రెల కొట్టం
కప్పు లేకుండా అలానే ఉంది.
మూలమట్టం మేకుకి వేలాడుతుంటే
వాలు కంటితోనే కొలుస్తానంటాడు తాత.
పోయినసారీ
కంటితోనే కొలిచాడు.

రబ్బరుతో ఒకసారి చెరిపింది,
కాగితం కొంచెం నలిగింది.
మొదటి గడిలో జామెట్రీ అని రాసి
ఫారం ఆయనవైపు జరిపింది.

ఎక్స్ విలువ
ఏడాది ఆగినా మారదు.
వచ్చే చలికి
పదకొండు గొర్రెలు ఏ కోణం కింద పడుకోవాలో
ఇప్పుడే తేలాలి.