మినిట్స్ పుస్తకంలో లేనిది

ఆ ఏడు మే నెలకి
వీరఘట్టం దిగువన నాగావళి
చీలమండ కూడా తడవనంత.
ఆ ఇసుకలోనే చాపలేసుకుని కూర్చున్నాం,
ముంచాలా చిలకరించాలా తేల్చుకోడానికి.

ముంచేవాళ్లు తూర్పున. చిలకరించేవాళ్లు పడమర.
మధ్యలో నేను, సంఘం కార్యదర్శిని,
నూనె మరకల మినిట్స్ పుస్తకంతో.

తీతు గారు గ్రీకు మాట ఒకటి విసిరారు.
ఆయన గ్రీకంతా పార్వతీపురంలో మూడు రోజుల సెమినారు.
బర్నబాసు మేష్టారి బావమరిది
దాన్ని మించిన గ్రీకు విసిరాడు.
ఎవడి తాత ఏ దొర చేతిలో మునిగాడో,
ఎవడి మామ కానుకపెట్టె తాళం ఎన్నేళ్లు మొలకి కట్టుకున్నాడో
అన్నీ వాక్యంలోకి వచ్చేశాయి.
నేను రాస్తూనే ఉన్నాను. పదకొండు పేజీలు.
ఇసుక కాలుతోంది, ఎవరికీ పట్టలేదు.
గెలుపు చల్లగా ఉంటుంది కాబోలు.

నూకాలు వచ్చింది, తప్పేలా కొబ్బరిచిప్పా పట్టుకుని.
బాప్తిస్మంలో రాహేలని పెట్టినా ఊరికి నూకాలే.
పది బారల దూరంలో గొంతుక్కూర్చుని
చెలమ తవ్వుతోంది, మా మాటలు వింటూనే.
మోచేతి లోతు వెళ్లాక, తలెత్తకుండా అడిగింది:

"బావూ, నా గుంటడు మూడ్రోజులోడు సచ్చిపోనాడు.
ముంచనేదు. సిలకరించనేదు.
ఆడి ఒంటిమీద పడ్డ నీళ్లంటే
నా కంట్లోవే.
అవి నెక్కలోకొస్తాయా?"

తూర్పున ఒకాయన వేలు తడిచేసుకుని పేజీలు తిప్పాడు.
పడమర ఇంకొకాయన "చూశారా, అందుకే మేం..." అన్నాడు.

"ఎవులు నెగ్గేరని నానడగనేదు బావూ,
ఆడెక్కడున్నాడని అడిగేను."

బర్నబాసు మేష్టారు,
నలభై ఏళ్ల బడిలో తెలీదన్న మాట అనని మనిషి,
ఆ ఇసుక మీద ఉత్తి కాళ్లతో నడిచెళ్లి
ఆవిడ పక్కన కూలబడ్డారు.
"నాకు తెలీదు నూకాలూ" అన్నారు.
"నేనూ అడుగుతూనే ఉన్నాను. రాత్రిళ్లు."

మొదట ఊరిన నీళ్లు మడ్డి.
ఆవిడ చిప్పతో తోడి పారబోసింది.
మళ్లీ ఊరాయి, మళ్లీ పారబోసింది.
మూడోసారి చిప్ప మేష్టారు అందుకున్నారు.

సంఘం ఆ ఆదివారమే రెండయింది.
ఒకే వీధి, రెండు మైకులు.
తీర్మానం నంబరు, ఓట్లు, సంతకాలు
అన్నీ నా పుస్తకంలో భద్రం.
నూకాలు అడిగింది ఏ అంశం కింద రాయాలో తెలీక
ఆవేళ వదిలేశాను.

పంతొమ్మిదేళ్లకి, వెనకట్ట లోపలివైపు
పెన్సిల్‌తో రాస్తున్నాను,
కింద చోటు వదిలి.